పాత కంప్యూటర్‌లో కార్ల పందెం ఆట మధ్యలో ఆగిపోతోంది, ఎవరికైనా ఇలా జరిగిందా?

అంబాజీపేట_ఆటగాడు
కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, 512 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు, 32 బిట్ విండోస్ 7. మా అన్నయ్య ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కొన్న కంప్యూటర్. ఆ కాలపు కార్ల పందెం ఆట డిస్కు దొరికితే ఎక్కించాను. పదిహేను, ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా నడిచి ఆగిపోతుంది. రాత్రిపూట మరీ ఎక్కువ. నాలుగుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను, డైరెక్ట్‌ఎక్స్ 9 ఫైళ్లు కూడా వేశాను. కొత్తది కొనమని మాత్రం చెప్పకండి.

పాలకొల్లు_పందెంకోడి
ర్యామ్. నూటికి నూరుపాళ్లు ర్యామే. మా ఇంట్లో ఇదే రోగం మూడు నెలలు వేధించింది. పలక బయటికి తీసి, బంగారు పూత ఉన్న అంచును పిల్లల రబ్బరుతో రుద్ది పెట్టాను. ఆ రోజు నుంచి ఒక్కసారి ఆగితే ఒట్టు. రబ్బరు ఐదు రూపాయలు! షాపులో అతను మదర్‌బోర్డే పోయిందని తేల్చేశాడు.

మండపేట_మరమ్మతు
పదిహేడేళ్లుగా ఇదే నా వృత్తి. విప్పిన కంప్యూటర్లను లెక్కపెట్టడం మానేసి చాలా కాలమైంది. రబ్బరు వైద్యం చదివితే నవ్వు వస్తోంది. ఆ పొడి స్లాటులో పడితే అసలు రోగం అప్పుడు మొదలవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.

పాలకొల్లు_పందెంకోడి
బల్ల మీద పెట్టి రుద్దిన పలక పొడి స్లాటులోకి ఎగిరి దూకుతుందా సార్? ఊది, తుడిచి పెట్టాను. పదిహేడేళ్లలో ఒక్కసారైనా రబ్బరు వాడలేదని మీ షాపు గుమ్మం మీద ప్రమాణం చేయండి చూద్దాం.

రాజోలు_64
ఆట ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తోందా, కంప్యూటర్ మొత్తం ఆరిపోతోందా? మొదటిదైతే ఎక్కువగా ఆటలోనో గ్రాఫిక్స్ డ్రైవర్‌లోనో తేడా ఉంటుంది. రెండోదైతే ముందు వేడిని, కరెంటును అనుమానించాలి. విండోస్ తన తప్పులను రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి కెర్నల్-పవర్ 41 అనే నమోదు ఉందేమో చూడండి. ఉంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆగిందని అర్థం. ఎందుకు ఆగిందో మాత్రం అది చెప్పదు.

ముమ్మిడివరం_మౌస్
రాత్రిపూట ఎక్కువ అన్నారు చూడండి, కిటుకు అక్కడుంది. రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) మొదలయ్యాక మా వీధిలో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టవచ్చు. నావి రెండు ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెలు) అలాగే పోయాయి. వాళ్ల రొయ్యలు బతకడానికి మన కంప్యూటర్లు చావాలి.

భీమవరం_చెరువుగట్టు
ఏరియేటర్లను మేము సరదాకు తిప్పుతున్నామా? రాత్రి నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున అట్టడుగుకు పడిపోతుంది. ఆ సమయంలో గంట సేపు కరెంటు లేకపోతే పొద్దున్నే రొయ్యలను గంపలకు ఎత్తి పారేయాలి. గట్టు మీద జనరేటర్ పెట్టుకుని కూర్చునే బతుకు మాది. మీ కార్ల ఆట ఆగిపోతే మా మీద పడతారేం? నా చెరువుకు ట్రాన్స్‌ఫార్మరే వేరు.

ముమ్మిడివరం_మౌస్
ట్రాన్స్‌ఫార్మర్ వేరు సరే, వెనక దానికి కరెంటు తెచ్చే ఫీడరు లైను కూడా వేరేనా? రాత్రి పన్నెండుకు ప్లగ్గులో మీటరు పెట్టి చూశాను, 170 వోల్టులు. ఆ లెక్క నేను కల్పించింది కాదు.

భీమవరం_చెరువుగట్టు
170 ఉంటే కరెంటు ఆఫీసుకు వెళ్లి అర్జీ పెట్టండి. చెరువు తవ్వినవాడిని దొంగలా చూడకండి.

మండపేట_మరమ్మతు
ఎస్‌ఎంపీఎస్ ఎంత వోల్టేజీ వరకు తట్టుకుంటుందో దాని మీద అంటించిన కాగితంలోనే ఉంటుంది. ఎవరూ చదవరు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు పూరీల్లా ఉబ్బాయేమో కూడా చూడాలి. ఉబ్బితే ఏ రబ్బరూ పనిచేయదు. (కోడి గారూ, గుమ్మం విషయం తరువాత మాట్లాడుకుందాం.)

అంతర్వేది_అల
ఇక్కడ సముద్రపు గాలికి క్యాబినెట్ మేకులే తుప్పుపట్టి రాలిపోతాయి, మీరు ర్యామ్ గురించి మాట్లాడుతున్నారు. పోయినసారి విప్పితే లోపల బల్లి గుడ్లు. అన్నట్టు, ఎవరి దగ్గరైనా డీడీఆర్2 2 జీబీ ర్యామ్ పలక ఖాళీగా ఉందా?

తణుకు_టక్స్
విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. 2024 జనవరి 1 నుంచి ఆన్‌లైన్‌లో ఆటలు అమ్మే స్టీమ్ కూడా దానికి మద్దతు ఆపేసింది. ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నారా? విండోస్ బదులు లైనక్స్ వేసుకోండి.

రాజోలు_64
ఆయనది డిస్కు ఆట టక్స్ గారూ, స్టీమ్ ఎందుకు వచ్చింది? 32 బిట్ విండోస్ 7లో 4 జీబీ పెట్టినా పూర్తిగా వాడుకోలేదు కాబట్టి ర్యామ్ కొనేముందు ఆలోచించమని చెప్పినా ఏదో ఉపయోగం ఉండేది. ప్రశ్న అడిగినవారు నాకు ఇంకా జవాబు ఇవ్వలేదు.

తణుకు_టక్స్
మంచి చెప్పినా తప్పే. ఇకపై ఈ చర్చలో మాట్లాడను.

తణుకు_టక్స్
లైనక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాములను నడిపించే సాఫ్ట్‌వేర్) ద్వారా చాలా పాత ఆటలు నడుస్తాయి. ఇది మాత్రం చెప్పి వెళుతున్నాను.

అంబాజీపేట_ఆటగాడు
రాజోలు గారూ, క్షమించాలి. మొత్తం కంప్యూటరే ఆరిపోతోంది. 41 పదకొండుసార్లు ఉంది. ఆట ఆడుతుండగా ప్రాసెసర్ వేడి చూస్తే 97 డిగ్రీలకు ఎక్కింది. పక్క రేకు విప్పాను. మా పెరటి గోడ అవతలే కొబ్బరి పీచు తీస్తారు. ఆ పొడంతా ఫ్యాను కింద అల్యూమినియం రెక్కల మధ్య పరుపులా పేరుకుంది. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని సైకిల్ పంపుతో ఊదాను. ప్రాసెసర్ వేడిని ఆ రెక్కలకు చేర్చే పాత పేస్టు సున్నంలా ఎండి రాలింది, కొత్తది వేశాను. ఇప్పుడు 61. నిన్న రాత్రి రెండున్నర గంటలు ఆడినా ఆగలేదు.

రాత్రిపూటే ఎందుకో కూడా తెలిసింది. దుమ్ము పడకూడదని అమ్మ సాయంత్రం క్యాబినెట్ మీద తువ్వాలు కప్పుతోంది. వెనక గాలి రంధ్రాలు కూడా మూసుకుపోయేలా కప్పుతోంది. నేనేమో తువ్వాలు తీయకుండానే స్విచ్ నొక్కుతున్నాను.

మండపేట_మరమ్మతు
పేస్టు బియ్యపు గింజంత వేశారా, పచ్చడిలా పూశారా? వేడి సంగతి నేను మొదటి నుంచి అనుకుంటూనే ఉన్నాను.

పాలకొల్లు_పందెంకోడి
అనుకున్నారేమో, రాయలేదు.

భీమవరం_చెరువుగట్టు
తువ్వాలు! ముమ్మిడివరం గారు ఇప్పుడు ఏమంటారో వినాలని ఉంది.

ముమ్మిడివరం_మౌస్
అంబాజీపేటలో తువ్వాలు తీస్తే మా ఇంట్లో 170 కాస్తా 230 అయిపోతుందా? నా రెండు ఎస్‌ఎంపీఎస్‌ల మీద ఎవరూ తువ్వాలు కప్పలేదు.

అంతర్వేది_అల
డీడీఆర్2 ఉందా అని అడిగాను, ఒక్కరూ పలకరేమి?