లక్కపిడతల్లో పిడత ఎక్కడిది?

అమ్మ తన చిన్నప్పటి లక్కపిడతలు పెట్టెలోంచి తీసి మా పాపకిచ్చింది. అదేమో, "ఇవి కర్రవి కదా, పిడతంటే మట్టిది కదా?" అంది. ఇన్నాళ్లూ నాకీ అనుమానమే రాలేదు. పిడత అంటే చిన్న కుండే కదండీ?

— చిన్న మట్టికుండేనండీ. పాప సరిగ్గా పట్టుకుంది! పేరు మట్టిది, ఒళ్లు కర్రది, పైన పూత లక్కది. సంస్కృతంలో లాక్షా, ప్రాకృతంలో లక్ఖా, మనకు లక్క. భారతంలో లక్కయిల్లు అంటామే, ఆ లక్కే. చెట్టుకొమ్మల మీద లక్కపురుగులు వదిలే జిగురు.

లక్కబొమ్మలకు పేరుపడ్డ ఏటికొప్పాక ఊళ్లో దీన్ని కర్రకు పట్టించడం చూడాలి. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమిపెడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. మంటా లేదు, కుంచే లేదు. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు తేలుతుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

— కొండపల్లివీ లక్కబొమ్మలేగా?

— కాదండీ, చాలామంది ఇక్కడే పొరబడతారు. అవి తెల్లపొణికి కర్రతో చేతిచెక్కుడు. చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, కుంచెతో రంగులేస్తారు. లక్క ఊసే లేదు.

— మా తెలంగాణలో గురుగులంటాం. గురుగంటే కూడా చిన్న మట్టికుండే. ఇప్పుడు ప్లాస్టిక్‌వి కొనిచ్చినా మా అమ్మ నోట గురుగులే!

— మాకూ అంతే. స్టీలు గిన్నెల సెట్టు కొన్నా లక్కపిడతలే. అందులో లక్కా లేదు, పిడతా లేదు. నిఘంటువు ఒప్పుకోకపోయినా నాకది తప్పనిపించదు. పిల్లలు వంటాట ఆడుకునే సామానంతటికీ అదే పేరైపోయింది. 'కిచెన్ సెట్' అంటేనే చెవికి ఎబ్బెట్టు.

— అందరికీ ధన్యవాదాలు. పాపకు చదివి వినిపించాను. మొగలి ఆకు చూపించమని కూర్చుంది, ఇప్పుడెక్కణ్ణుంచి తేను? అన్నట్టు, ఆ ఎర్ర కూజా మూత అంచున లక్క లేచిపోయి పంటిగాట్లు కనిపిస్తున్నాయి. అమ్మ తనవి కావంటోంది. పిన్నివట.