27 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ 5 అడుగుల పాత రోటవేటర్‌ను లాగుతుందా?

మామిడితోట_నూజివీడు:
అందరికీ నమస్కారం. మాకు 4 ఎకరాలుంది, రెండున్నర మామిడి, మిగతాది మెట్ట, పెసర, కంది వేస్తాం. పోయిన నెల 27 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. పక్క ఊళ్లో ఒకాయన 5 అడుగుల రోటవేటర్ (బ్లేడ్లు తిరిగి మట్టిని గుల్ల చేసేది), 9 కర్రుల గొర్రు కలిపి 70 వేలకు ఇస్తానంటున్నాడు, రంగు కొత్తగా వేసి ఉంది. ఆదివారంలోపు చెప్పకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట, అదొక టెన్షన్. ఏం చూసుకోవాలి?

మెట్టరైతు_ఖమ్మం:
తమ్ముడూ, ఆ రెండూ నీ బండికి కావు. ఇంజన్ 27 అన్నా పీటీఓ (పనిముట్టును తిప్పే వెనక షాఫ్ట్) దగ్గరికొచ్చేసరికి ఇంకా తగ్గుతుంది, దానికి మూడున్నర, నాలుగు అడుగుల రోటవేటర్ సరి. 5 అడుగులది ఎత్తితే ముందు చక్రాలు తేలిపోతాయి, గట్టు ఎక్కేటప్పుడు చాలా ప్రమాదం. గొర్రు కూడా 5 కర్రులది చూసుకో. అసలు మామిడిలో రోటవేటర్ ఎందుకు? ఆహారం తీసుకునే సన్న వేళ్లు పైమట్టిలోనే ఉంటాయి, ఏటా తిప్పితే అవన్నీ తెగుతాయి, పైగా ఎప్పుడూ ఒకే లోతులో తిప్పితే కింద మట్టి గట్టిపడి నీళ్లు దిగవు. మేం రెండేళ్లు అలాగే చేసి చెట్లు నీరసించాక మానేశాం, ఇప్పుడు చెట్ల మధ్య గడ్డి కోసి అక్కడే వదిలేస్తున్నాం.

షెడ్డు_మెకానిక్:
కొత్త రంగు చూస్తే నేను ముందు అతుకులే వెతుకుతాను. ఫ్రేమ్ కింద పడుకుని వెల్డింగ్ గీతలు చూడండి. రోటర్‌ను చేత్తో పైకీ కిందికీ ఊపండి, ఆడితే బేరింగులు పోయినట్టే. గేర్‌బాక్స్ ఆయిల్ బూడిద రంగులో, తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. పీటీఓ షాఫ్ట్ క్రాస్‌లు (కీళ్లు) వదులుగా ఉన్నాయేమో తిప్పి చూడండి. బ్లేడ్లు అరిగితే భయం లేదు, మార్చుకోవచ్చు. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ గొట్టం లేకపోతే మాత్రం కొత్తది వేయించకుండా పని మొదలుపెట్టకండి, నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్ట్‌కి పంచె కొస తగిలినా మనిషిని లాగేస్తుంది.

పిన్ను కొలత కూడా ముఖ్యం, పనిముట్టు తగిలించే కింది లింకులకు చిన్న బండ్లకైతే 22 మిల్లీమీటర్ల పిన్ను, పెద్దవాటికి 28.

కోదాడ_అక్క:
కొనేముందు మండల వ్యవసాయ ఆఫీసులో అడగండి. కేంద్రం యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు రైతులకు కొత్త పనిముట్ల మీద 50 శాతం దాకా రాయితీ ఉంది, నిధులున్నప్పుడు వస్తే పాతదాని ధరకే కొత్తది పడుతుంది.

మామిడితోట_నూజివీడు:
ఈ పొద్దున టేపు పట్టుకుని వెళ్లాను. పిన్నులు 28వే. గొర్రు ఫ్రేమ్‌కి వెనక రెండుచోట్ల అతుకు ఉంది, రంగు కింద గోకితే బయటపడింది. వద్దని చెప్పేశాను. అందరికీ థ్యాంక్స్, 5 కర్రుల గొర్రు మంచిది ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడే చెప్పండి, తొలకరిలోపు కావాలి.