సీజియం వేశాక పెరిగిన హెచ్ మైనస్ కరెంటు మర్నాటికే పడిపోతోంది, ఎందుకు?

ప్రశ్న:
మాది హెచ్ మైనస్ (అదనపు ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్ అయాన్) తయారుచేసే 2 మెగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాలతో నడిచే) మల్టీకస్ప్ (చుట్టూ అయస్కాంతాలున్న) సోర్సు. పల్సు 1 మిల్లీసెకను, సెకనుకు 10 పల్సులు, ఎక్స్‌ట్రాక్షన్ (అయాన్లను బయటికి లాగే వోల్టేజి) 45 కిలోవోల్టులు. సీజియం లేనప్పుడు 15 మిల్లీఆంపుల హెచ్ మైనస్, దాని వెంట 25 రెట్ల ఎలక్ట్రాన్లు వచ్చేవి. సీజియం ఓవెన్ తెరవగానే 40 మిల్లీఆంపులకు చేరింది, ఎలక్ట్రాన్లకూ హెచ్ మైనస్‌కూ నిష్పత్తి 2కు దిగింది. మర్నాటికి 22 మిల్లీఆంపులు, నిష్పత్తి 9, పైగా ప్లాస్మా ఎలక్ట్రోడ్‌కీ (సోర్సు ముందు రంధ్రం ఉన్న పలక), అయాన్లను లాగే ఎక్స్‌ట్రాక్టర్‌కీ మధ్య గ్యాప్‌లో స్పార్కులు. ప్లాస్మా ఎలక్ట్రోడ్ మాలిబ్డినం; హీటర్ లేదు, థర్మోకపుల్ 60 డిగ్రీలు చూపిస్తోంది. ఇంకాస్త సీజియం వేయాలా?

సమాధానం 1:
ఇప్పుడే వేయకండి. ఎక్కువైనా తక్కువైనా పైకి కనిపించే లక్షణం ఒకటే. హైడ్రోజన్ పరమాణువు రెండో ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే శక్తి 0.75 ఎలక్ట్రాన్ వోల్టులే. అందుకే ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్ సులువుగా దొరకాలి, అంటే ఎలక్ట్రోడ్ పని ప్రమేయం (లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన శక్తి) ఎంత తగ్గితే అంత మేలు. మాలిబ్డినానికి అది సుమారు 4.5. సీజియం ఒక పూర్తి పొర కూడా కాకుండా, సగం పైచిలుకు కప్పినప్పుడు 1.5 దగ్గరికి పడిపోతుంది. పూత మందమైతే సీజియం సొంత విలువ 2.1కి మళ్ళీ పెరుగుతుంది. 1971లో నోవోసిబిర్స్క్‌లో దుద్నికోవ్ ఈ సీజియం ప్రభావాన్ని కనిపెట్టినప్పటి నుంచీ అసలు కష్టం ఆ సన్నటి పొరను నిలబెట్టడమే.

మీ విషయంలో నాకు ముందు అనుమానం 60 డిగ్రీల మీదే. అంత చల్లటి లోహం మీద సీజియం పేరుకుంటుంది, నీటి ఆవిరీ వదలదు. హీటర్ పెట్టి 20 డిగ్రీల చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టులో కరెంటు స్థిరపడేదాకా ఆగండి. కరెంటు పెరిగి నిష్పత్తి తగ్గితే సీజియం ఎక్కువైందని అర్థం. రెండూ అధ్వానమైతే అది చాలడం లేదు, లేదా చెడిపోయింది. 150 నుంచి 250 డిగ్రీల మధ్య వెతకండి.

చెడిపోవడానికి మామూలు కారణం నీరు, ఆక్సిజన్. ప్లాస్మా ఆపి, గ్యాస్ మూసి, అవశేష వాయు విశ్లేషకంలో 18 (నీరు), 28 (నైట్రోజన్ లేదా కార్బన్ మోనాక్సైడ్), 32 (ఆక్సిజన్) ద్రవ్యరాశుల పీకులు చూడండి. 18 ఎక్కువుంటే ముందు బేక్ చేసి (వేడిచేసి తేమ వదిలించి), సీజియం లేకుండా కొన్ని గంటలు ప్లాస్మా నడపాలి. అమెరికాలోని ఎస్‌ఎన్‌ఎస్ (న్యూట్రాన్లు పుట్టించే యాక్సిలరేటర్ కేంద్రం) సోర్సులో మొత్తం సీజియం 30 మిల్లీగ్రాముల లోపే, అదీ సీజియం క్రోమేట్ కాట్రిడ్జ్‌లలో. శుభ్రమైన ఉపరితలం మీద అంత తక్కువతోనే వారాల తరబడి నడుస్తుంది. ఓవెన్ వాడేవాళ్ళు ఎక్కువ పోసేస్తారు.

ప్రశ్నించినవారు:
18 మిగతా అన్నిటికన్నా పెద్ద పీకు. ఓవెన్ మూసేశాను. స్పార్కుల సంగతేమిటి?

సమాధానం 2:
అది కూడా మిగులు సీజియం పనే కావచ్చు. ఆవిరి గ్యాప్‌లోకి చేరి అక్కడి ఎలక్ట్రోడ్ల మీద పడితే అక్కడ కూడా పని ప్రమేయం తగ్గి, ఫీల్డ్ ఎమిషన్ (బలమైన విద్యుత్ క్షేత్రానికి లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఊడిరావడం) మొదలవుతుంది. ఓవెన్ మూసే ఉంచి, వోల్టేజిని తక్కువ నుంచి మెల్లగా పెంచుతూ కండిషన్ చేయండి.

ఎలక్ట్రాన్ డంప్ (వెంట వచ్చే ఎలక్ట్రాన్లను పట్టుకునే లోహపు భాగం) వేడినీ లెక్కవేయండి. సీజియం లేనప్పుడు మీ ఎలక్ట్రాన్ కరెంటు 375 మిల్లీఆంపులు. అవి పూర్తి 45 కిలోవోల్టులూ అందుకున్నాక డంప్‌ను తాకితే పల్సులో 17 కిలోవాట్లు, ఒక శాతం డ్యూటీకి (పల్సు ఉండే సమయపు వంతు) సగటున 170 వాట్లు. ఆ వేడికి డంప్ వాయువులు వదులుతుంది, పక్కనున్న శాశ్వత అయస్కాంతాల బలమూ తగ్గవచ్చు. వీలైతే ఎలక్ట్రాన్లను మధ్య ఎలక్ట్రోడ్ దగ్గరే, 10 కిలోవోల్టుల లోపు, పక్కకు తిప్పి దించండి.

22 అన్న అంకె ఎక్కడ కొలిచారో కూడా ముఖ్యం. బీమ్ లైన్‌లో హైడ్రోజన్ ఒత్తిడి ఎక్కువైతే అదనపు ఎలక్ట్రాన్ ఊడి తటస్థ పరమాణువులు మిగులుతాయి. అప్పుడు సోర్సు బాగానే ఉన్నా టొరాయిడ్ (బీమ్ కరెంటు కొలిచే తీగచుట్ట) తక్కువ చూపిస్తుంది. గ్యాస్ పల్సును కాస్త తగ్గించి చూడండి. ఫారడే కప్ (బీమ్‌ను ఆపి కరెంటు కొలిచే గిన్నె) అయితే సప్రెషన్ వోల్టేజి (ఎలక్ట్రాన్లను కప్ లోపలే ఆపేది) ఉందో లేదో చూసుకోండి. బీమ్ తగిలి ఊడే సెకండరీ ఎలక్ట్రాన్లు తప్పించుకుంటే హెచ్ మైనస్ కరెంటు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

సోర్సు తెరవాల్సి వస్తే పొడి నైట్రోజన్‌తో నింపి, తర్వాత గాలిని చాలా నెమ్మదిగా వదలండి. సీజియం మీద నేరుగా నీరు పోయకూడదు. మిగిలే హైడ్రాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి.