స్టేటస్ రిపోర్టులో ఎరుపును ఆకుపచ్చగా చూపించమంటున్నారు, ఏం చేయాలి?

గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేస్తున్నానండి. ఒక ఆసుపత్రి కోసం మందుల మోతాదు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నాం. టెస్టింగ్ పూర్తి కాలేదు, పెద్ద లోపాలే మిగిలి ఉన్నాయి. అంటే రిపోర్టులో ఎరుపు పెట్టాలి. అయినా క్లయింట్‌కి వెళ్లే రిపోర్టులో అంతా సవ్యంగా ఉందని చెప్పే ఆకుపచ్చ రంగే పెట్టమని మా డెలివరీ హెడ్ నోటిమాటగా చెప్పారు. అదే మాట మెయిల్‌లో పెట్టమంటే పెట్టరు.

నాకు పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికేషన్ ఉంది. అది ఇచ్చే సంస్థ పీఎంఐ నైతిక నియమావళిలో బాధ్యత, గౌరవం, న్యాయం, నిజాయితీ అని నాలుగు విలువలున్నాయి. అబద్ధం చెప్పడమే కాదు, మోసపుచ్చడానికి సగం నిజం చెప్పినా, ఉన్నది దాచినా తప్పేనని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి ఆ రిపోర్టు నేను పంపను, అది తేల్చుకున్నాను. రేపు ఆ మోతాదు తప్పితే నష్టపోయేది రోగి కదా.

నా టెన్షన్ అంతా టెస్టర్ల గురించే. లోపాలు నమోదు చేసింది వాళ్లు. కొందరు ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నారు, అప్రైజల్స్ దగ్గరపడ్డాయి.

ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు చెప్పండి. ముందు డెలివరీ హెడ్‌కే రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలా, నేరుగా కంపెనీ ఎథిక్స్ కమిటీకి వెళ్లాలా? టెస్టర్ల పేర్లు బయటపడకుండా ఆధారాలు ఎలా ఇవ్వాలి? ఆఫీసు మెయిళ్లు సొంత ఐడీకి పంపుకుంటే గోప్యత ఒప్పందం మీరినట్టవుతుందేమోనని ఆగాను. ఉద్యోగ వ్యవహారాలు చూసే లాయర్‌ని ముందే కలవడం మంచిదా?