రూజ్‌వెల్ట్‌కు టాఫ్ట్ చేసింది నమ్మకద్రోహమేనా?

పాతపేజీ: అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 1908లో తన యుద్ధ మంత్రి టాఫ్ట్‌ను ఏరికోరి వారసుడిగా నిలబెట్టాడు. 1912 వచ్చేసరికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు పోటీకి దిగారు. తప్పు ముమ్మాటికీ టాఫ్ట్‌దే. దిగుమతి సుంకాలు తగ్గిస్తామని ఓట్లడిగి, అంతంతమాత్రంగా తగ్గించిన పేన్-ఆల్డ్రిచ్ చట్టం మీద సంతకం పెట్టాడు, పైగా తమ రిపబ్లికన్ పార్టీ తెచ్చినవాటిలో ఇదే మేలైనదని వినోనా పట్టణంలో ప్రసంగించాడు. అడవుల కోసం ప్రాణం పెట్టిన అటవీ శాఖ అధిపతి పిన్‌షాట్‌ను 1910 జనవరిలో ఉద్యోగంలోంచి తీసేశాడు.

కోర్టుమెట్లు: పిన్‌షాట్‌ను ఎందుకు తీశారో కూడా రాయాలి కదండీ. అలాస్కా బొగ్గు భూముల వివాదంలో మంత్రి బాలింజర్‌ది తప్పు లేదని అధ్యక్షుడు తేల్చాక కూడా, దానికి ఎదురు చెబుతూ పిన్‌షాట్ ఒక సెనేటర్‌కు ఉత్తరం రాశాడు. ఏ అధ్యక్షుడు ఊరుకుంటాడు? ఇక ట్రస్టుల (మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకున్న గుత్త కంపెనీల) మీద కేసులంటారా, రూజ్‌వెల్ట్ ఏడున్నరేళ్లలో వేసినవాటికంటే టాఫ్ట్ నాలుగేళ్లలో వేసినవే ఎక్కువ.

చెరువుగట్టు: కేసుల లెక్క సరే, యూఎస్ స్టీల్ కేసు మాటేమిటి?

పాతపేజీ: అదీ అడగండి! 1907 సంక్షోభంలో బ్యాంకులు కూలిపోతుంటే, టెన్నెసీ కోల్ అండ్ ఐరన్ కంపెనీని యూఎస్ స్టీల్ కొనుక్కోవడానికి అడ్డు చెప్పనన్నది రూజ్‌వెల్ట్. 1911 అక్టోబరులో టాఫ్ట్ ప్రభుత్వం వేసిన కేసులో ఆ కొనుగోలునే తప్పుపట్టారు. 1907లో రూజ్‌వెల్ట్ కేబినెట్‌లోనే ఉన్న టాఫ్ట్ అప్పుడు నోరెత్తలేదే?

కోర్టుమెట్లు: 1907 అక్టోబరులో ఆయన మనీలాలో ఫిలిప్పీన్ అసెంబ్లీని ప్రారంభిస్తున్నాడు. నవంబరులో కొనుగోలు జరిగేటప్పటికి అసలు దేశంలోనే లేడు.

పాతపేజీ: తిరిగొచ్చాక తెలియలేదా? ఏళ్ల తరబడి మాట్లాడకుండా ఉండి, కుర్చీ ఎక్కించినవాడి పరువు తీశాడు. మా ఊరి సహకార సంఘంలో నా తర్వాత ఫలానా అబ్బాయే ఉండాలని పట్టుబట్టి కూర్చోబెట్టాను. వచ్చీ రాగానే నా హయాం లెక్కల మీద ఆడిట్ వేయించాడు. ఒక్క రూపాయి తేడా రాలేదు, కానీ ఊళ్లో నన్ను చూసే చూపు మారిపోయింది. రూజ్‌వెల్ట్ కడుపుమంట నాకు అర్థమవుతుంది.

సాయంత్రం: బాధ నిజమే సార్. కానీ ఆడిట్ వేరు, ద్రోహం వేరు.

కోర్టుమెట్లు: లెక్కలు సరిగ్గా ఉంటే ఆడిట్ వల్ల మీ పేరే నిలబడింది కదా. మీకు కోపం ఆడిట్ మీదా, మిమ్మల్ని అడక్కుండా వేయించినందుకా?

పాతపేజీ: నువ్వు నా మనసులో దూరి చూశావా? ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అంటున్నాను. ఉపకారం పొందినవాడికి ఆ మాత్రం బాధ్యత ఉండదా?

కోర్టుమెట్లు: నువ్వు అనొద్దండీ, నేను మర్యాదగానే రాస్తున్నాను. ఇక్కడే మనకు కుదరడం లేదు. చట్టం వద్దనని పనేదైనా జనం మేలు కోసం అధ్యక్షుడు చేయొచ్చన్నది రూజ్‌వెల్ట్ పద్ధతి. రాజ్యాంగమో చట్టమో ఇచ్చిన అధికారమే తనకుంటుందన్నది టాఫ్ట్ నమ్మకం. రూజ్‌వెల్ట్ ఒక కంపెనీకి నోటిమాటగా సరేనంటే అది తర్వాతి అధ్యక్షుడికి శాసనం ఎలా అవుతుంది? టాఫ్ట్ జడ్జిగా పనిచేసి వచ్చినవాడు, 1921లో ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యాడు. ఆ సంగతి తెలిసే కదా రూజ్‌వెల్ట్ ఎంచుకున్నది?

పాతపేజీ: బ్యాంకుల ముందు జనం బారులు తీరి ఉంటే చట్టం పుస్తకం తిరగేస్తూ కూర్చోమంటారా? ఎవరో ఒకరు తెగించి నిర్ణయం తీసుకోవాలి. అలా తీసుకున్నవాడిని నాలుగేళ్ల తర్వాత దోషిలా నిలబెడితే, రేపు ఆపద వచ్చినప్పుడు ఎవరు ముందుకొస్తారు? నా గొడవ ఇదీ.

చెరువుగట్టు: ఇద్దరి పంతం వల్ల 1912లో గెలిచింది డెమోక్రాట్ల అభ్యర్థి విల్సన్. ఎలక్టోరల్ ఓట్లు విల్సన్‌కు 435, రూజ్‌వెల్ట్‌కు 88, టాఫ్ట్‌కు 8.

పాతపేజీ: ఆ 8 చూడండి. టాఫ్ట్ సొంత రాష్ట్రం ఒహైయోలో కూడా ప్రైమరీ (పార్టీ అభ్యర్థి ఎంపిక కోసం జరిగే ఎన్నిక) గెలిచింది రూజ్‌వెల్టే. అభ్యర్థిని ఖరారు చేసే షికాగో సభలో పార్టీ యంత్రాంగం టాఫ్ట్‌ను గట్టెక్కించింది.

కోర్టుమెట్లు: ఆ యంత్రాంగంతోనే 1908లో టాఫ్ట్‌ను అభ్యర్థిని చేసింది రూజ్‌వెల్ట్. అప్పుడు న్యాయమైంది 1912లో అన్యాయం ఎలా అయిందో ముందు చెప్పండి.