సింటిలేషన్‌ని "మినుకు" అనొచ్చా?

కందుకూరు వైపు రొయ్యల చెరువులకు సర్వే చేస్తుంటాను. మొన్న మార్చిలో పొద్దుగూకాక రెండు గట్ల పాయింట్లు మిగిలిపోయాయి. శాటిలైట్ సిగ్నల్‌తో పాయింటు కొలిచే మిషను, అదే రోవర్, ఫిక్స్‌లో (సెంటీమీటర్ల దాకా కచ్చితం) ఉన్నట్టే ఉండి ఫ్లోట్‌లోకి (కచ్చితం తగ్గిన లెక్క) జారిపోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. నెత్తిన చెట్టు లేదు, కరెంటు తీగా లేదు. మిషను మీది లైటు చూసి కాపలా తాత, "ఏంది అబ్బయ్యా, నీ మిషను మినుకు మినుకుమంటుండాది?" అన్నాడు. ఇంటికొచ్చి వెతికితే ఇలా సిగ్నల్ ఊగిపోవడాన్ని సింటిలేషన్ అంటారట. అర్థం చూస్తే మినుకే! నా ఫ్రెండ్ "ప్రస్ఫురణ" అందామంటాడు. నాకు నోరు తిరగట్లేదు. మీరేమంటారు?

నెల్లూరు ఫిజిక్స్ మాస్టారు: మినుకే బాగుంది. చుక్కలు మినుకుమనేది కింది గాలి వల్ల. శాటిలైట్ సిగ్నల్ మినుకుమనేది వందల కిలోమీటర్ల పైన, అయనావరణంలో, అంటే అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు), ఎలక్ట్రాన్లు ఉండే పొరలో. పొద్దుగూకాక అక్కడ ఎలక్ట్రాన్లు పలచబడిన బుడగలు పైకి లేస్తాయి. సిగ్నల్ వాటిలోంచి రావాలి కదా, చెదిరిపోతుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస మీదుగా పోతుంది కాబట్టి ఈ బెడద మనకు ఎక్కువ. మార్చి, ఏప్రిల్, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అర్ధరాత్రి దాకా మరీను. మీ తాతగారు లైటును చూసి అన్నా సరిగ్గానే అన్నారు.

కావలి సభ్యుడు: మాస్టారూ, "అయనావరణం" తప్పు కదండీ? అయనం అంటే ఉత్తరాయణం, దక్షిణాయనం. అయాన్లున్నది "అయానావరణం" కావాలి.

మాస్టారు: ఇంటర్ కెమిస్ట్రీలో "అయనీకరణ శక్తి" చదువుకోలేదూ? అలవాటైన మాటే. ఇంకో తమాషా ఉంది. 1834లో ఫారడే వాడుకలోకి తెచ్చిన "అయాన్" గ్రీకు మాట, "వెళ్లేది" అని అర్థం. సంస్కృత అయనమన్నా వెళ్లడమే. రెండూ ఒకే పాత ధాతువు పిల్లలు. మీరు తప్పని పట్టుకున్న చోటే చుట్టరికం బయటపడింది.

ఒంగోలు ఎంటెక్ స్టూడెంట్: నా గొడవ వేరే. మెషిన్ లెర్నింగ్ (పాత లెక్కలు చూసి కంప్యూటర్ నేర్చుకోవడం) ప్రిడిక్షన్‌ని "జోస్యం" అని రాస్తే ఒళ్లు మండుతుంది సార్. ఈ మినుకు ఎప్పుడొస్తుందో ముందే చెప్పే మోడల్‌కి మేం ఇచ్చేవి అయనావరణంలో ఇన్నాళ్ల ఎలక్ట్రాన్ల లెక్క, సూర్యుడి నుంచి వచ్చే 10.7 సెంటీమీటర్ల రేడియో తరంగాల కొలత, అయస్కాంత అలజడి చెప్పే కేపీ అంకె, నెల, గంట. దాన్నిబట్టి రాబోయే గంటల సంగతి చెప్పాలి. జోస్యుడికి మార్కులెవరూ వెయ్యరు, దీనికి రోజూ పడతాయి. అందులోనూ తిరకాసుంది. ఏ గోలా లేని రాత్రులే ఎక్కువ కదా, రోజూ "ఏమీ ఉండదు" అని కూర్చున్నా ఫస్ట్ క్లాసులో పాసవుతుంది! అందుకే మినుకు రాత్రుల్లో ఎన్ని పట్టింది, ఎన్నిసార్లు ఉత్తినే భయపెట్టింది అని విడిగా చూస్తాం. నా ఓటు "ముందస్తు అంచనా"కి.

కావలి సభ్యుడు: అంచనాలో ముందస్తు ఉండనే ఉంది. మళ్లీ ముందస్తు ఎందుకు?

స్టూడెంట్: అయిపోయిన పనికి కూడా అంచనా వేస్తారుగా సార్, పంట నష్టం అంచనా లాగా.

పోస్టు పెట్టినాయన: ఆ రెండు పాయింట్లు మర్నాడు పొద్దున ఏడింటికల్లా వచ్చేశాయి. రిపోర్టులో "మినుకు వల్ల పని ఆగినది" అని రాశాను. ఇంజనీరు గారు అడిగితే మాస్టారి నంబరు ఇస్తా.