అప్‌డేట్: పాత వడ్రంగం పనిముట్లతో కెనడా చేరాము

చెన్నై నుంచి కెనడాకు శాశ్వత నివాసిగా వెళ్లేటప్పుడు, సరదా కోసం చేసుకునే వడ్రంగం పనిముట్లకు సుంకం పడుతుందా అని ఇదివరకు అడిగాను. పడలేదు.

అక్కడికి చేరకముందే అవి మన సొంతమై, మన దగ్గర ఉండి, మనం వాడినవై ఉండాలన్నదే అసలు షరతు. వ్యాపారానికి వాడే సామగ్రికి ఈ మినహాయింపు వర్తించదు. అందుకే మాంబళంలోని ఇంట్లో కూర్చుని, ‘పనిముట్లు’ అని ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఉలులు, చిత్రిక, రంపం, డ్రిల్ మెషిన్ ఒక్కొక్కటీ విడివిడిగా, సీరియల్ నంబరు ఉన్నచోట దానితో సహా రాసి, కెనడా డాలర్లలో విలువ కట్టాను. వెంట తెచ్చినవి ఒక జాబితాలో, ఓడలో వచ్చేవి మరొక జాబితాలో పెట్టి, రెండింటినీ దిగిన రోజే చూపించాను.

కస్టమ్స్ అధికారిణి పెట్టె తెరిపించి, నాన్నగారి చేతిలో అరిగి నల్లబడిన చిత్రిక పిడిని చూసి, మరేమీ అడగకుండా మూసేయమన్నారు. బిల్లుల కంటే ఆ అరుగుదలే ఎక్కువ పనికివచ్చిందని నా అనుమానం. డ్రిల్ విడి బ్యాటరీని, 36 వాట్-అవర్లది, కొనలకు టేపు వేసి చేతిసంచిలోనే తెచ్చాను. సుంకం లేకుండా తెచ్చినవాటిని 12 నెలల లోపు అమ్మితే మాత్రం అప్పుడు కట్టాల్సి వస్తుంది.